పాట పాడి చెరసాల కేగిన పంతులు – గరిమెళ్ల సత్యనారాయణ

పద్యము తెలియవలెనన్న నిఘంటువు కావలెను; పాట తెలియుటకు చెవి యొకటి చాలును. ముప్పది సంవత్సరములుగా బాలబాలికలకు తెలుగు చెప్పుచున్న నాకు ఈ సత్యము తరగతి గదిలో గాక, అంతకు చాల ముందే మా ఉయ్యూరు బాటమీద తెలిసినది. నా చిన్నతనమున, అనగా 1970ల చివరి దినములలో, చెరకు నరికెడి కాలము వచ్చినదనగా చక్కెర కర్మాగారమునకు పోవు ఎడ్లబండ్లు బందరు త్రోవ వెంబడి బారులు తీరి యుండెడివి. రాత్రివేళ బండ్లు కదలక నిలిచినపుడు కావలి కూర్చున్న వృద్ధు డొకడు పాట యెత్తుకొనెడివాడు. అతనికి అక్షరము రాదు. వ్రేలిముద్ర వేసి కూలి తీసికొనువాడు. అయినను తెల్లదొరల పాలన తమకు వలదని మొదలగు ఒక దీర్ఘమైన పాటను ఎచ్చటను తడబడక పాడెడివాడు. ప్రతి చరణము తుదిని ప్రక్క బండ్లవారు పల్లవి నందుకొనెడివారు. ఆ పాట యెవరిదని నే నడిగితిని. తన తండ్రి పాడగా నేర్చితినని మాత్రమే అతడు చెప్పెను. కవి పేరు అతడు వినియుండలేదు.

అప్పటికి దేశమునకు స్వాతంత్ర్యము వచ్చి ముప్పది యేండ్లు దాటినది. పాట బ్రతికియున్నది; పాట కట్టినవాని పేరు మాసిపోయినది. ఇది న్యాయమా యని అప్పు డడుగుటకు నాకు వయసు చాలలేదు. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు ఆలస్యముగా చెప్పుకొను సమాధానము.

ఆ కవి గరిమెళ్ల సత్యనారాయణగారు. ఆయన 1893 జూలై 14వ తేదీన, నేటి శ్రీకాకుళము జిల్లా నరసన్నపేట ప్రాంతమందలి గోనెపాడు గ్రామమున జన్మించిరి. తండ్రి వేంకటనరసింహముగారు, తల్లి సూరమ్మగారు. కుటుంబము ప్రియాగ్రహారమున నివసించెను. కలిగిన యిల్లు కాదు. చదువుపై ఆసక్తి యున్నను దానికి తగిన ద్రవ్యము లేదు. ఉదారుడైన యొక న్యాయవాది చేయూత నిచ్చుటచేత ఆయన చదువు సాగి బి.ఏ. పట్టము చేత బట్టిరి. ఆ కాలమున ఆ ప్రాంతమున బి.ఏ. యనిన సామాన్యము కాదు. సర్కారు కొలువునకు అది తిన్నని రాచబాట. ఆయనయు కొంతకాలము గంజాము జిల్లా కలెక్టరు కచేరీలో గుమాస్తాగా పనిచేసిరి. పిదప విజయనగరమున ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులైరి.

ఈ రెండు కొలువులును ఆయన కవిత్వమునకు ఉపకరించినవని నా తలంపు. కచేరీలో కూర్చున్న గుమాస్తాకు ప్రజల అర్జీలు చేతి మీదుగా పోవును. ఎవని భూమికి శిస్తు పెరిగినదో, ఎవని గొడ్డును జప్తు చేసిరో, ఎవడు ఉప్పు పోగుచేసి పట్టుపడెనో అతనికి తెలియును. పంతులుకు మరియొక విద్య తెలియును: విన్నది బాలుని నోట నిలువవలెనన్న వాక్యము చిన్నదిగా నుండవలెను, మాట మాటకు తూగు కుదురవలెను, ఒక పాఠమున ఒక్క విషయమే చెప్పవలెను. ప్రజల కష్టము నెరిగిన గుమాస్తాయు, మాట నిలుపు నేర్పుగల పంతులును ఒక్కరే యైనపుడు ఆ పాట పుట్టినది.

ఆ దేశకాలములను గూడ తలంపవలెను. ఉత్తరాంధ్రము అప్పటికే వాడుకభాషకు పుట్టినిల్లయి యుండెను. విజయనగరమున గురజాడ అప్పారావుగారు దేశభక్తి గీతమును 1910 ప్రాంతమున అతి సులభమైన నడకలో వ్రాసి, దేశమనగా మన్ను గాదు మనుష్యులే యను భావమును జనుల చెవిని వేసిరి. శ్రీకాకుళ ప్రాంతమువారే యైన గిడుగు రామమూర్తి పంతులుగారు శిష్టవ్యావహారికము కొరకు పండితులతో వాదులాడుచుండిరి. గ్రాంథిక ఫక్కిలో ఈ వ్యాసము వ్రాయుచు వారిని పొగడుట చూచి పాఠకులు నవ్వుకొనవచ్చును. నవ్వుట తగును. పండిత శిక్షణపత్రము పొందిన మావంటివారికి అలవాటు తప్పినది కాదు. కాని అలవాటు వేరు, సత్యము వేరు. జనులను కదలించినది మా భాష గాదు, వారి భాష.

1920 సెప్టెంబరులో కలకత్తా కాంగ్రెసు ప్రత్యేక సమావేశము సహాయ నిరాకరణమునకు సమ్మతించెను. కచేరీలు, కళాశాలలు, బిరుదులు విడువుడని గాంధిమహాత్ముడు పిలుపునిచ్చెను. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘము మన బెజవాడలోనే సమావేశమయ్యెను. కోటి రూపాయల తిలక్ స్వరాజ్యనిధి, కోటి సభ్యత్వములు, ఇరువది లక్షల రాట్నములు అను సంకల్పములు అక్కడనే జరిగినవి. మా ఉయ్యూరునకు చేరువనున్న భట్లపెనుమర్రు వాస్తవ్యులు పింగళి వెంకయ్యగారు జాతీయ పతాకపు నమూనాను గాంధిమహాత్మునకు సమర్పించినది ఆ సభలయందే. అదే సంవత్సరమున, కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలున జన్మించిన ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు చీరాల పేరాలలో వేలాది జనులను పన్నుల పీడకు ప్రతిగా ఊరు విడిపించి పాకలలో నివసింపజేసిరి. ఆయన రామదండు సైతము పాటతో, భజనతో, వేషముతో నడచిన సేనయే.

ఈ తరంగము సత్యనారాయణగారిని గూడ తాకెను. ఆయన చదువును కొలువును రెండింటిని విడిచి ఉద్యమమున చేరిరి. ఇంట కలిమి లేనివాడు కొలువు విడుచుట, కలవాడు విడుచుటవంటిది కాదు. కలవాడు విడిచినది జీతము. లేనివాడు విడిచినది మరునాటి గింజ. ఈ భేదమును మనము గుర్తుంచుకొనవలెను. ఆయన జీవితపు తుది ఘట్టమునకు బీజ మిక్కడనే పడినది.

ఆ దినములలో ఆయన కట్టిన పాటయే తెల్లదొరతనమును వలదను పాట. 1921లో స్వరాజ్య గీతములు వెలువడినవి. భారతమాతకు దండములు పెట్టుచు సాగెడి మరియొక పాటయు ఊరూర వ్యాపించెను. కాని మొదటి పాటకు కలిగిన ప్రచారము తెలుగునాట అంతకు పూర్వము ఏ దేశభక్తి గీతమునకును కలుగలేదు. పుస్తకము కొన్నవారు కొందరు. పాడిన నోళ్లు లెక్కింప నలవి కాదు.

దాని రహస్య మేమి? తెలుగు పంతులుగా నేను పలుమారు దీనిని విప్పి చూచితిని. మొదటిది పల్లవి. ఏ చరణము విన్నను తుదకు అందరు కలిసి అనవలసిన మాట యొకటి యున్నది. పాడువాడు ఒక్కడైనను నిరాకరించువారు వందమంది యగుదురు. ఉపన్యాసము విన్నవాడు చప్పట్లు కొట్టి యింటికి పోవును. పల్లవి నందుకొన్నవాడు తానే సాక్షియై నిలుచును. రెండవది ఒక్కొక్క చరణమున ఒక్కొక్క కష్టము. దేశములో పంట పుష్కలముగా నున్నను నోటికి అన్నము లేకుండుట, ఉప్పు తాకిన నేర మగుట, కల్లు సారాయముల ద్వారా కూలివాని మూట దొరల ఖజానాకు చేరి ఇల్లాలి మంగళసూత్రము వరకు పోవుట, తలను గాంధిటోపీ పెట్టిన బాలుని బడిలోనికి రానీయకుండుట. వీనిలో నొక్కటియు సిద్ధాంతము గాదు. ప్రతియొకటి వినువాని యింటి గడపలోని సంగతియే. స్వరాజ్యమను పెద్దమాట తెలియని అవ్వకును ఉప్పు సంగతి తెలియును.

మూడవ విశేష మొకటి కలదు. ఆ పాటలో మాటలు గౌరవముగా ముగియును. ఎదురుగా కూర్చున్న పెద్దలతో కష్టము విన్నవించుకొను తీరున పాదములు తిరుగును. తిట్టు లేదు, రంకె లేదు. ఇరుగుపొరుగు రచ్చబండపై చెప్పుకొను గోడువలె నుండును. మర్యాదగా చెప్పిన గోడు తిట్టుకంటె లోతుగా నాటుకొనును. వినువాడు ఈ మాట నిజమే గదా యని తల యూపకుండ నుండలేడు.

ఉప్పును గూర్చి యొక మాట. దండి యాత్ర జరిగినది 1930లో. మచిలీపట్టణపు తీరమున మనవారు ఉప్పు వండి చెరసాలలకు పోయినది ఆ తరువాతనే. గరిమెళ్లవారి పాటలో ఉప్పు మొర వినబడినది అంతకు తొమ్మిది వత్సరముల ముందు. 1923లో ప్రభుత్వము శాసనసభ కాదన్నను వినక ఉప్పుపన్నును మణుగునకు 1 రూపాయి 4 అణాల నుండి 2 రూపాయల 8 అణాలకు రెట్టింపు చేసెను. రాజనీతిజ్ఞులకంటె ముందుగా పాటకాడు ప్రజల నాలుకపై నున్న రుచిని గ్రహించె ననుటకు ఇంతకంటె దృష్టాంత మేల?

ప్రభుత్వము భయపడెను. పాటను నిషేధించెను. సత్యనారాయణగారిని పట్టి ఒక సంవత్సరము కారాగారమున నుంచెను. ఆ కాలమున కలెక్టరుగా నున్న బ్రాకెన్ దొర వారిని పిలిపించి పాట పాడించుకొని వినెననియు, తనకు తెలుగు రాకున్నను ఆ గొంతునందలి బలము తెలిసినదనియు, ఇట్టి పాట సామాన్యుల నెంతగా ఉద్రేకింపజేయునో ఊహింపగలనని యనెననియు చెప్పుకొందురు. మాట తెలియని శత్రువునకు సైతము పాట తెలిసినదన్నమాట.

చెరసాల నుండి వెలువడిన మనిషి ఏమి చేయును? ఇల్లు చక్కబెట్టుకొనును. గరిమెళ్లవారు మరల గ్రామముల వెంట తిరిగి అదే పాటను పాడిరి. మరల పట్టుబడిరి. ఈ సారి రెండున్నర సంవత్సరముల కఠిన శిక్ష. కారాగారమున నుండగనే తండ్రి కాలధర్మము చెందిరి. క్షమాపణ కోరినచో విడిచెదమని ప్రభుత్వమువారు తెలిపిరి. కుమారునకు తండ్రి ఋణమును తీర్చుకొను కడపటి ఘడియ అది. ఆయన క్షమాపణ కోరలేదు.

ఈ ఘట్టమును తరగతిలో చెప్పునపుడు ఒక బాలిక నన్ను ప్రశ్నించెను: ఒక్కమాట వ్రాసియిచ్చి పోయి తండ్రిని చూచి వచ్చినచో తప్పేమి యని. నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. తరువాత తోచినది. ఆయన తన పాట కొరకు మాత్రమే చెరలో నుండలేదు. ఆ పాటను విశ్వసించి పల్లవి నందుకొన్న వేలాది నోళ్ల కొరకు ఉండెను. తాను తప్పు ఒప్పుకొన్నచో పన్ను కట్టలేనివాని కష్టము, సారా దుకాణమున పుస్తె కోల్పోయిన ఇల్లాలి కన్నీరు అబద్ధ మగును. సాక్షి సాక్ష్యమును మార్చుకొన్నచో అన్యాయమునకు గెలుపు. అందుచేత ఆయన మౌనముగా ఆ దుఃఖమును దిగమ్రింగెను. ఆ మరునాడు తరగతిలో ఈ మాటయే చెప్పితిని. ఆ బాలిక సమాధానపడినదో లేదో నాకు తెలియదు. కాని ప్రశ్న మంచిదే. త్యాగమును కీర్తించునపుడు దాని వెల యెంతయో గూడ పిల్లలు అడుగవలెను.

పాటకు శిక్ష పడుట ఒక్క తెలుగునాటనే జరుగలేదు. వంగదేశమున కాజీ నజ్రుల్ ఇస్లాము తన కవితకై 1923లో కఠిన కారాగార శిక్ష ననుభవించెను. తమిళదేశమున 1921లో స్వర్గస్థుడైన సుబ్రహ్మణ్య భారతి గీతములను మద్రాసు ప్రభుత్వము 1928లో జప్తు చేసెను. గతించినవాని పాటకే దొరలు భయపడిరనిన, ఎదుట నిలిచి పాడువానిని విడుతురా?

ఇక్కడ మరియొక కవిని తలంపకున్న ఈ కథ అసంపూర్ణ మగును. రాజమహేంద్రవరమునకు చెందిన దళితకవి కుసుమ ధర్మన్నగారు గరిమెళ్లవారి పాట వరుసలోనే మరియొక పాట కట్టిరి. అందు వలదనినది తెల్లదొరతనము గాదు, నల్లదొరతనము. ఏడాది పొడవున పాలేరుతనము చేసినను కడుపు నిండదనియు, మనుష్యుని మనుష్యుడు తాకరాదనుచున్న యూరికి స్వరాజ్యము వచ్చిన నేమి లాభమనియు ఆ పాట నిలదీసినది. బరువైన గ్రంథము వ్రాసియున్నచో పండితులు చదివి ప్రక్కన బెట్టియుందురు. అందరికి కంఠస్థమైన వరుసలోనే అడిగినందున తెల్లదొరను తిట్టుచు పాడిన నోటికి తన వీథి సంగతి తాకక తప్పలేదు. అద్దము నిటు త్రిప్పి చూపినట్లయ్యెను.

దీనిని గరిమెళ్లవారికి ఎదురుపాటగా మాత్రమే చూచుట పొరపాటు. ఆయనయు ఈ సంగతి నెరిగినవారే. 1923లో వారి హరిజన గీతములు వెలువడినవి. అంటరానితనము పోనిది స్వరాజ్యము పూర్ణము గాదని వారును నమ్మిరి. కాని బాధ ననుభవించినవాని గొంతునకును, సానుభూతి చూపినవాని గొంతునకును అంతరము కలదు. ధర్మన్నగారి పాట వినిన పిదప గరిమెళ్లవారి పాట చిన్నది కాలేదు. దాని యర్థము పెద్దదైనది. ఒక సరళమైన వరుస రెండు దొరతనములను ప్రశ్నించినది.

మన శరణుల చరిత్ర తెలిసిన పాఠకులకు ఇది కొత్తగా తోచదు. 12వ శతాబ్దమున కల్యాణమున బసవేశ్వరుడు పండితుల భాషను విడిచి సంతలో, పొలములో, మగ్గముకడ మాటలాడెడి కన్నడమున వచనములు చెప్పెను. కట్టెలు కొట్టి అమ్ముకొను మోళిగె మారయ్యయు, చర్మకారుడైన మాదార చెన్నయ్యయు ఆ శరణుల నడుమ పూజ్యులైరి. మన పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును పామరులు సైతము పాడుకొను ద్విపదలో రచించెను. పండితారాధ్య చరిత్రమున తుమ్మెద పదములను, వెన్నెల పదములను, గొబ్బి పదములను పేర్కొని జనుల పాటకు గ్రంథమున చోటిచ్చెను. సంస్కృత వృత్తములు తెలియక కాదు. తెలిసియు, చేరవలసినవారికి చేరు బాటను ఎన్నుకొనెను. సులభముగా చెప్పుట శక్తిలేమి గాదు, కరుణ. ఈ మాట గరిమెళ్లవారికిని చెల్లును. ఆయన శరణసంప్రదాయమువారు గారు. కాని మంచి మాటకు కులగోత్రములు లేవని మనకు నేర్పినది శరణులే గదా.

ఇక తుది ఘట్టము. చెరసాల నుండి వచ్చిన గరిమెళ్లవారికి జయజయధ్వానములు లభించినవి; జీవనము లభింపలేదు. 1926లో ఖండకావ్యములు ప్రకటించిరి. అప్పులు తీర్చుకొనుటకు ఉన్న కొద్దిపాటి ఆస్తి అమ్ముకొని మద్రాసు చేరిరి. అక్కడ గృహలక్ష్మి పత్రికలో సంపాదక వర్గమున పనిచేసిరి. మరికొన్ని పత్రికలయందును కొలువు చేసిరి. ఏ కొలువును చిరకాలము నిలువలేదు. అనువాదములు చేసిరి, వ్యాసములు వ్రాసిరి. పత్రికలకు వ్రాసి యిచ్చిన కాగితమునకు వచ్చు నాలుగు రూపాయలతో బ్రతుకు బండి నీడ్చిరి. దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారివంటి యుదారులు సాయపడినదియు కలదు. కాని ఒకరి దయ ఎంతకాలము?

1947 ఆగస్టు 15న స్వరాజ్యము వచ్చెను. ఆయన వలదన్న తెల్లదొరతనము పోయెను. ఆ దినమున తెలుగునాట ఎన్ని యూళ్లలో ఆ పాట పాడిరో! పాట కట్టిన మనిషి మాత్రము మద్రాసు వీథులలో దిక్కు లేక యుండెను. ఒక కన్ను చూపు కోల్పోయెను. పక్షవాతము సోకెను. కడపటి దినములలో యాచించి కడుపు నింపుకొనవలసిన స్థితి వచ్చెను. దేశములో పంట యుండియు నోటికి అన్నము లేదని పాడినవానికి స్వరాజ్యమునందును ఆ చరణమే మిగిలినది. అర్జీలు చూచిన గుమాస్తాకు, బాలురకు బోధించిన పంతులుకు, రెండుమారులు చెరకేగిన కవికి స్వతంత్రదేశము ఒక ముద్ద దాచియుంచలేకపోయెను.

1952 డిసెంబరు 18న గరిమెళ్ల సత్యనారాయణగారు కన్నుమూసిరి. ఆ తేదీని ఒక్కసారి పరికింపుడు. అంతకు మూడు దినముల ముందు, డిసెంబరు 15 రాత్రి, అదే మద్రాసు నగరమున పొట్టి శ్రీరాములుగారు ఆంధ్రరాష్ట్రము కొరకు నిరాహారులై ప్రాణము విడిచిరి. తెలుగునేల అంతయు అట్టుడికిపోవుచుండెను. డిసెంబరు 19న ప్రధాని నెహ్రూ ఆంధ్రరాష్ట్ర స్థాపనమును పార్లమెంటులో ప్రకటించిరి. ఒకరు అన్నము మానుకొని మరణించిరి. మరియొకరు అన్నము దొరకక కృశించి మరణించిరి. మొదటి మరణము రాష్ట్రమును తెచ్చెను. రెండవ మరణము ఆ సందడిలో ఎవరి చెవిని సోకినదో చెప్పలేము. ఇరువురును మనకొరకే పోయిరి. ఒకరికి విగ్రహములు, జిల్లా పేరు దక్కినవి. అవి దక్కవలసినవే. రెండవ వారికి చెరకుబండి మీది వృద్ధుని గొంతు దక్కినది, పేరు దక్కలేదు.

ఇందు ఎవరిని నిందించుటకు నాకు మనసు రాదు. నిందింపవలసినచో పల్లవి నందుకొన్న మనలనందరిని నిందింపవలెను. పాట తీసికొన్నాము, పాటకానిని మరచితిమి. కాయకము చేసినవానికి ప్రతిఫలము ముట్టవలెననియు, ముట్టినదానిని దాసోహముగా పంచుకొనవలెననియు మన గురువులు బోధించిరి. నేల దున్నుట కాయకమైనచో, జనుల కష్టమునకు మాట కూర్చుటయు కాయకమే. ఆ కాయకమునకు కూలి యియ్యని సమాజము, తాను ఎంత భక్తితో పూజలు చేసినను, ఋణగ్రస్తమే.

ఈ ఋణము కొంతయైన తీరు మార్గము లేదా? కలదు. పెద్ద వ్యయము లేని మార్గమే. మన యిండ్లలో ఇంకను పాత పాటలు తెలిసిన అమ్మమ్మలు, నాయనమ్మలు ఉన్నారు. నాటు వేయునప్పటి పాట, దంపుళ్ల పాట, ఉద్యమకాలపు పాట, శివభజన పాట వారి నోట కలవు. సెలవు దినమున పిల్లలు వారికడ కూర్చుండి వానిని వ్రాసికొనవలెను. నేటి చేతి ఫోనులో గొంతును పట్టి యుంచుటయు సులభమే. పాటతో పాటు అది ఎవరు కట్టినది, ఎవరికడ నేర్చినది, ఏ పనిలో పాడినది యను మూడు సంగతులును వ్రాయవలెను. తెలియని చోట ఖాళీ విడువవలెను. ఎవడో యొకడు ఆ ఖాళీని పూరించును.

మఠములవారికిని ఒక మనవి. బసవ జయంతి దినమున ప్రవచనముల నడుమ ఒక గడియ ఇట్టి పాటలకు కేటాయింపుడు. పాడుటకు పూర్వము కట్టినవాని పేరు చెప్పించుడు. మన మతమువాడా కాడా యని విచారింపకుడు. కుసుమ ధర్మన్నగారి పేరును గరిమెళ్లవారి పేరుతోపాటు చెప్పుడు. తెల్లదొరతనము పోయినది. రెండవ పాట అడిగిన ప్రశ్నకు మనము బదులు చెప్పితిమా? మన భోజన పంక్తులు, మన శ్మశానములు, మన సంబంధములు చూచుకొని ఎవరికి వారు చెప్పుకొనవలసిన బదులది. సరళమైన పాటకు ఉన్న కాఠిన్యము ఇదియే. అది పండితుని వలె వాదింపదు. ఇంటిలోనికి వచ్చి కూర్చుండును.

ఆ చెరకు బండ్లు నేడు లేవు. ఆ వృద్ధుడును లేడు. గతసంవత్సరము నా తరగతిలో గరిమెళ్లవారి జీవితమును చెప్పి, ఆ పాటను నేనే పాడి వినిపించితిని. నా గొంతు మంచిది కాదు. మొదటి చరణము ముగియుసరికి వెనుక వరుసలోని బాలు డొకడు పల్లవి నందుకొనెను. వాని వెంట తరగతి యంతయు నందుకొన్నది. ఎవరు నేర్పిరని అడిగితిని. ఎవరును నేర్పలేదు, అప్పుడే విని పట్టుకొనిరి. పాట ముగిసిన పిదప పలకమీద కవి పేరు వ్రాసి, దానిని కూడ మూడుమారులు పల్లవివలె పలికించితిని. నలుబదియేండ్ల క్రిందట బందరు త్రోవపై నేనడిగిన ప్రశ్నకు ఆ దినమున నలుబది గొంతులు ఒక్కటిగా బదులు చెప్పినవి.